దండాసి బిగించిన టర్బో

"నువ్వే కాల్చీసావురా!"

"నాను కాల్చలేదు బావూ. నీ డీజిలు పిసినారితనమే కాల్చింది!"

పోలినాయుడికీ సోములుకీ మధ్య ఇది ఆ రోజు పుట్టిన తగువు కాదు. పాతది. ఎప్పటి మాటంటే నాకేం తెలుసు. ఘాటు రోడ్డు మీద తారు కంటే గోతులే ఎక్కువున్న కాలం. కొండ మీది ఊళ్లకీ కిందున్న సంతకీ మధ్య, డబ్బులు తీసుకుని జనాన్ని ఎక్కించుకునే సర్వీసు కారు ఒక్కటే తిరిగిన కాలం. మా అత్త నాకు చెప్పింది, ఆవిడకెవరో చెప్పారు. నేను మీకు చెబుతున్నాను. మధ్యలో అడ్డు తగలకండి.

కారు పోలినాయుడిది. తోలేవాడు సోములు. బాగుచేసేవాడు దండాసి. ఘాటు మొదటి మలుపులో దండాసికి నాలుగు రేకులు కప్పిన షెడ్డుండేది, దాని వెనకే ఇల్లు. మాట తక్కువ మనిషి. పనీ నిదానమే. ఒక బోల్టు విప్పేలోగా ఒక చుట్ట అయిపోయేది.

ఆ కారుకి టర్బో ఉండేది. టర్బో అంటే ఇంజను వదిలే పొగతో గిర్రున తిరిగే చక్రం. అది తిరిగితే ఇంజనుకి గాలి బాగా అందుతుంది, ఎగువలో కారు రొప్పకుండా ఎక్కుతుంది. తిరిగినంతసేపూ ఆ చక్రానికి ఆయిలు కావాలి. ఆ ఆయిలు ఇంజనే ఇవ్వాలి.

మరి సోములు ఏం చేసేవాడు? ఘాటు ఎక్కేవాడు. పైకి రాగానే ఇంజను ఆపేవాడు. న్యూట్రల్లో పడేసి అవతలి దిగువకి జారిపోయేవాడు. డీజిలు మిగులుతుందని ఆ రోడ్డు మీద లారీల వాళ్లూ అదే చేసేవారు. బ్రేకు సరిగా పడక ఎంతమంది లోయలోకి పోయారో, అది వేరే కథ.

ఇంజను ఆగితే ఆయిలు ఆగుతుంది. చక్రం వెంటనే ఆగదు కదా. ఎర్రగా కాలిన చక్రం. లోపల మిగిలిన చుక్క ఆయిలు మాడి బొగ్గవుతుంది. చక్రం పట్టేస్తుంది.

మొదటి టర్బో అలాగే పోయింది. "పైకెక్కాక కాసేపు ఇంజను ఆడనీరా సోములూ, అది చల్లారాక ఆపు" అన్నాడు దండాసి. "నాయుడూరుకోడు" అన్నాడు సోములు.

రెండో టర్బో కూడా అలాగే పోయింది. దండాసి మళ్లీ అదే అన్నాడు. సోములు మళ్లీ అదే అన్నాడు. నిజమే మరి. పోలినాయుడు రోజూ చీపురుపుల్ల ట్యాంకులో ముంచి డీజిలు కొలిచేవాడు. పుల్ల మీద తడి తగ్గితే సోములు జీతం తగ్గేది.

"మూడోది కాలిందో, నువ్వు కారు దిగిపోవడమే" అన్నాడు పోలినాయుడు. తోలడం తప్ప సోములుకి ఇంకో పని రాదు.

దండాసి వింటున్నాడు. తన రెండు మేకపోతుల్ని సంతలో అమ్మాడు. పట్నం పోయాడు. గోనెపట్టాలో ఏదో చుట్టి తెచ్చాడు.

"ఇదేటి?" అన్నాడు పోలినాయుడు.

"టర్బోయే బావూ. దీని ఆయిలు దీని దగ్గరే ఉంటాది."

చూస్తే, చక్రం పక్కనే గుప్పెడంత గిన్నె. మూత బిగించి ఉంది. లోపలున్నది కనపడడానికి చిన్న అద్దం. గిన్నెలోంచి చక్రం దాకా ఒక వత్తి.

"దీపం వత్తి పీల్చినట్టు పీలుస్తాది. ఇంజను ఆపినా వత్తి తడిగానే ఉంటాది. చక్రం మాడదు."

"ఒక కారుకి రెండు ఆయిళ్లా? కోడలొచ్చి వేరే పొయ్యి పెట్టినట్టుంది!"

"వేరే పొయ్యి పెడితే తగువుండదు కదా బావూ."

"ఎంతేటి?"

"మూడు వానాకాలాలు తోలించు. కాలిపోతే నాకు పైసా వద్దు. నిలిస్తే నా డబ్బులియ్యి. నిలిచినన్నాళ్లూ సోముల్ని దించకూడదు."

ఊరికే వస్తుంటే పోలినాయుడు వద్దంటాడా? బిగించుకో అన్నాడు.

దండాసి పెళ్లాం ఎర్రయ్యమ్మ ఇంటికాడ నిలదీసింది. "మేకపోతులు పోయాయి. అది కాలితే?"

"కాలదు."

"నాను అడిగినది అది కాదు. కాలితే?"

"కాలదే."

అయితే దాంతోనూ ఒక చిక్కుంది. గిన్నె చిన్నది. ఆయిలు చుక్క చుక్కగా తగ్గుతుంది. తగ్గిందని చెప్పే దీపం గీపం కారులో లేదు. గిన్నె ఎండితే ఇదీ మాడుతుంది. సోములుకి అన్నం తిన్నాడో లేదో కూడా గుర్తుండదు. అందుకని దండాసి అన్నాడు, "నా మలుపుకొచ్చాక హారను కొట్టు. నాను చూస్తాను."

సోములు హారను కొట్టేవాడు. దండాసి వచ్చేవాడు. బానెట్టెత్తి, అద్దాన్ని బొటనవేలితో తుడిచి చూసేవాడు. తగ్గితే రవ్వంత పోసేవాడు. "ఆయిలుంది, పో" అనేవాడు.

వాన పడుతుంటే గోనె కప్పుకుని వచ్చాడు. ఆయిలుంది, పో. జ్వరమొస్తే దుప్పటి కప్పుకుని వచ్చాడు. ఆయిలుంది, పో. కూతురి పెళ్లినాడు కొత్త పంచెతో వచ్చాడు. ఆయిలుంది, పో.

సోములు అలవాటు మానలేదు. ఎక్కేవాడు, ఆపేవాడు, జారేవాడు. టర్బో మాత్రం కాలలేదు.

పోయింది ఇంజను! పోలినాయుడు ఇంజనాయిలు మార్పించే రకం కాదు. అది తారులా నల్లగా అయిపోయి, రెండు వానాకాలాలు గడిచాక ఇంజను పట్టేసింది. టర్బో విప్పి చూస్తే, వేలితో తోస్తే చాలు, చక్రం తిరుగుతోంది. దాని ఆయిలు దానికుంది కాబట్టి ఆ మురికి దీనికంటలేదు. దాన్నే ఇంకో పాత కారుకి బిగించారు.

మళ్లీ వాన వచ్చింది, వెళ్లింది. "మూడు వానలయ్యాయి బావూ" అన్నాడు దండాసి.

"అవి ఆ కారు వానలు దండాసీ. ఈ కారుకి ఇదే మొదటిది."

దండాసి వెళ్లిపోయి షెడ్డులో చుట్ట ముట్టించుకున్నాడు. ఇంకో ఏడాదికి ఆ కారు ఇంజనూ పోయింది. టర్బో మూడో కారెక్కింది. దండాసి మళ్లీ అడిగాడు.

"అవి ఆ కారు వానలు."

ఇంతలో దండాసికి దగ్గు పట్టుకుంది. తగ్గలేదు. పోయాడు. ఏడ్చేవాళ్లు ఏడ్చారు, మోసేవాళ్లు మోశారు.

కర్మ అయిన మర్నాడు కారు ఆ మలుపుకి వచ్చింది. సోములు అలవాటుగా హారను కొట్టాడు. ఎవరూ రాలేదు. తనే దిగి, బానెట్టెత్తి, అద్దం తుడిచి చూశాడు. అలాగే నిలబడిపోయాడు.

ముందు సీట్లో పోలినాయుడున్నాడు. "ఆయిలుందా?"

"ఉంది బావూ."

"అయితే ఎక్కరా!"

"ఈ టర్బో ఎవరిది?"

"నాది!"

"డబ్బులిచ్చినావా?"

"ఈ కారుకి ఇంకా..."

వెనక సీట్లో చింతపండు గంపతో కూర్చున్న ముసలమ్మ అందుకుంది. "ఏటి బావూ, రెండు కార్లు తుక్కయిపోయాయి, ఇది మూడోది. టర్బో ఒకటే కదా? మరి వానలు దేనికి లెక్కెట్టాలి?" కారంతా నవ్వింది.

సోములు పానా తీశాడు. "దీన్ని విప్పీసి ఎర్రయ్యమ్మకిచ్చీస్తాను. తరవాత నన్ను దించీసినా సరే."

అది లేకపోతే అంత బరువుతో ఆ కారు రెండో మలుపు కూడా ఎక్కదు. పోలినాయుడికి ఆ సంగతి తెలుసు. దిగాడు. ఎర్రయ్యమ్మని పిలిచాడు. సగం ఇస్తానన్నాడు. ఆవిడ కొంగు నడుముకి దోపింది.

"ఖరీదు ఎంతో అంతా ఇయ్యి. వడ్డీ వద్దు. ఇన్నేళ్లూ మా ఆయన పోసిన ఆయిలు డబ్బు కూడా ఇయ్యి."

"ఇన్నేళ్ల ఆయిలే!" పోలినాయుడు జేబు పట్టుకున్నాడు. ఎర్రయ్యమ్మ షెడ్డులోకి పోయి ఖాళీ సీసాలు తెచ్చి ముందు పెట్టింది. మొత్తం రెండు.

ఇప్పుడక్కడ షెడ్డు లేదు, రేకులూ లేవు. కానీ ఆ మలుపులో బళ్లాపుకుని ఆయిలు చూసుకోవడం పోలేదు. దాన్ని దండాసి మలుపంటారు. ఎవరైనా ఊరెళ్లడానికి గడపలో నిలబడి వెనకా ముందూ ఆడుతుంటే, ఇంట్లోవాళ్లు "ఆయిలుంది, పో" అని తోలేస్తారు.

పోలినాయుడు ఆ రోజు బానెట్టు మీద పెట్టి ఇచ్చింది ఎంతంటే, టర్బోకి నాలుగు వేల మూడొందలు, అన్నేళ్లూ అది తాగిన ఆయిలుకి అరవై. మొత్తం నాలుగు వేల మూడొందల అరవై రూపాయలు.