చుక్క లేని ట్యాంకు

ఉదయం తొమ్మిదిన్నర. రాత్రి పడిన వాన వెలిసింది గానీ మబ్బు విడవలేదు. బెజవాడ ఆటోనగర్‌లో, పాత బండ్లు విప్పే యార్డులో, మా పెద్దవాడు జకరయ్య తన గురువు బాజీ మేస్త్రీ ముందు నిలబడి ఒక ప్రశ్న అడిగాడు.

"కోపం పోయింది గురువుగారూ. లోపల చుక్క లేదు. ఇంకా నాకు కట్టర్ ఎందుకివ్వరు?"

మేస్త్రీకి ఒక నియమం ఉంది. ఎవరితోనైనా గొడవపడి వచ్చినవాడి చేతికి ఆయన మంటతో ఇనుము కోసే గ్యాస్ కట్టర్ ఇవ్వడు. మళ్లీ ఎప్పుడిస్తాడో చెప్పడు. ఎందుకివ్వరని అడిగితే వాదన పెట్టుకోడు, ఏదో ఒక పని వైపు చూపిస్తాడు. ఆ పనిలోనే జవాబు ఉంటుందని ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు అంటారు. ఉందో లేదో నాకు ఆ రోజు వరకూ తెలియదు. నేను అక్కడ షెడ్డు కింద కూర్చుని రాగి తీగలు ఒలుస్తాను. నా ఇద్దరు కొడుకులూ ఆయన శిష్యులే.

గొడవ ఆ ఇద్దరి మధ్యే. యార్డుకి పాత స్పోర్ట్స్ కారు ఒకటి వచ్చింది. రెండే తలుపులు, నేలకి జానెడు ఎత్తు, ఇంజను వెనకాల. ఎవరో షోకుగా తిప్పి, ఆనక మూలన పడేసిన బండి. ఇక నడవదని తేల్చుకుని విడిభాగాలకూ తుక్కుకూ ఇచ్చేశారు. అందులో నిక్షేపంగా మిగిలింది ముందద్దం ఒక్కటే. అలాంటిది ఇంకెక్కడా దొరకదట. దాన్ని రబ్బరులోంచి ఊడదీస్తుంటే మా చిన్నవాడు తిమోతి చేతిలో పగిలింది. జకరయ్య అందరి ముందూ తమ్ముడి చెంప పగలగొట్టాడు.

తిమోతి చిన్నపిల్లవాడేం కాదు. మీసాలొచ్చినవాడు. ఆ రోజు నుంచి అన్నతో మాట మానేశాడు. ఇంట్లో నా నోటితోనే ఇద్దరూ మాట్లాడుకునేవారు. "ఉప్పు ఇటివ్వమను." "చేతులున్నాయిగా, తీసుకోమను."

జకరయ్య ప్రశ్న విని మేస్త్రీ, "ఆ కారు ట్యాంకు ఏం చేశావ్?" అన్నాడు.

"పెట్రోలు మొన్ననే దించేశా. మూత కూడా తీసి ఉంచా. ఎండిపోయింది."

"నీళ్లు పట్టావా?"

"కట్టర్ పెట్టేముందు కదా గురువుగారూ నీళ్లు నింపేది? మీరు కట్టర్ ఇస్తేగా!"

పక్కన పనిచేస్తున్నవాళ్లు నవ్వారు. మేస్త్రీ కూడా నవ్వి షెడ్డు అవతలికి వెళ్లాడు.

ఆ బండికి ట్యాంకు ముందుంటుంది, బానెట్టు కింద. లోపల కూర్చున్నవాడి కాళ్లకూ దానికీ మధ్య ఒక్క రేకే అడ్డం. తిమోతి ఆ సీట్లో జారగిలబడి, కాళ్లు ముందుకు చాపుకుని, డ్యాష్‌బోర్డు మీటర్లు విప్పుతున్నాడు. ట్యాంకును పట్టి ఉంచిన బోల్టులు తుప్పుపట్టి పానకు లొంగడం లేదు. జకరయ్య కాసేపు పెనుగులాడి, విసుగుపుట్టి, వెళ్లి ఇనుము కోసే కరెంటు గ్రైండర్ తెచ్చాడు. కట్టర్ ఇవ్వనన్నారు గానీ గ్రైండర్ వద్దనలేదుగా అనుకున్నాడు కాబోలు.

"తమ్ముణ్ణి దిగమనరా," అన్నాను నేను.

"నువ్వే చెప్పు. నా మాట వింటాడా దొరగారు?"

"ఈ స్క్రూ అయ్యాక దిగుతానని చెప్పమ్మా," అన్నాడు లోపలివాడు.

గ్రైండర్ మోగింది. ఇనుముకి ఆని నిప్పురవ్వ లేవకముందే ఆగిపోయింది.

మేస్త్రీ మెయిన్ స్విచ్ దగ్గర ఉన్నాడు. ఆయన పరుగెత్తడం నేను చూడలేదు. ఒక చెప్పు మాత్రం దారిలో, బురదలో ఉండిపోయింది. ఆయన కేకలెయ్యలేదు. ఊపిరి కుదుటపడ్డాక, "చేత్తో విప్పండి. ఇద్దరూ," అన్నాడు.

బోల్టులకు నూనె పట్టించి నానబెట్టారు. ఒకడు పైనుంచి పాన తిప్పాలి, ఒకడు కింద పడుకుని నట్టు బిగబట్టాలి. మాట్లాడకుండా అయ్యే పని కాదది.

"పట్టుకున్నావా?"

"పట్టుకున్నా."

"జారుతోంది."

"జారేది నీ వైపు!"

అన్నం వేళకి ట్యాంకు బయటికొచ్చింది. మేస్త్రీ దాన్ని వెనక గోడ అవతల గుంటలో పెట్టించాడు. చుట్టూ వాననీళ్లు, అంటుకునేదేమీ లేదు. అందరినీ గోడ ఇవతలికి రమ్మన్నాడు. పొడవాటి గొట్టం చివర గుడ్డ చుట్టి, వెలిగించి, గోడ మీదుగా ట్యాంకు మూతి దగ్గరికి చాపాడు. ఆయన అలాంటి పని చేయగా ఎవరూ చూసి ఎరగరు.

ముందు ఏమీ కాలేదు. "చెప్పానా, చుక్క..." అంటున్నాడు జకరయ్య.

ఆ చప్పుడు నేను చెవులతో విన్నట్టు లేదు, కడుపుతో విన్నట్టుంది. ట్యాంకు గోడకన్నా ఎత్తు లేచి గుంట అవతల పడింది. అతుకు పొడుగునా చీలి, రేకు వెలుపలికి విచ్చుకుంది.

"ఏం మేస్త్రీ, దీపావళి ముందే వచ్చిందా?" అని పక్క యార్డులోంచి ఎవరో అరిచారు.

జకరయ్య ట్యాంకును చూడలేదు. తమ్ముడి కాళ్ల వంక చూశాడు. అలా చూస్తూ చూస్తూ ఉన్నచోటే బురదలో కూలబడ్డాడు. తిమోతి వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"నీళ్లు తాగుతావా అన్నా?" అని నేరుగా వాణ్ణే అడిగాడు.

జకరయ్య మేస్త్రీ వైపు తిరిగాడు. "నిజంగానే చుక్క లేదు గురువుగారూ. నేనే కళ్లారా చూశాను."

మేస్త్రీ మసి చేతులు కడుక్కుంటున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు: "చుక్క పోయినా ఆవిరి ఉంటుంది. చుక్క ఉంటే నువ్వే జాగ్రత్తపడేవాడివి."

కట్టర్ ఊసు ఆ రోజు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

నేను ముందుగా ఇంటికి వచ్చేశాను. పొయ్యి వెలిగించబోతే అగ్గిపుల్ల గీయడానికి చెయ్యి రాలేదు. గుమ్మంలో కూర్చున్నాను. చీకటి పడుతుండగా సందు మొదట్లో ఇద్దరి గొంతులూ వినబడ్డాయి.

"ఆ అద్దం ముందే చిట్లి ఉందన్నా."

"అవునా? నాకు కనబళ్లేదే."

"నువ్వు చూస్తేగా! ముందు చెయ్యి, తర్వాత కళ్లు నీకు."

"సర్లేరా. సర్లే."

పెద్దవాడు గుమ్మం దాటాడు. ఒకడు. వాడి వెనకే చిన్నవాడు, పరోటా పొట్లం పట్టుకుని. ఇద్దరు. కాళ్లు కడుక్కుంటుంటే మళ్లీ లెక్కపెట్టుకున్నాను. ఇద్దరూ ఉన్నారు.