ఎనభై కిలోల దగ్గర

పైడితల్లి ఎనభై కిలోల దగ్గర ఆగిపోయింది.

ఏడాది కిందట అదే గోదాంలో, అదే చెక్క ప్లాట్‌ఫాం మీద నిలబడి ఎనభై నాలుగు కిలోలు ఒక్క ఊపున తలమీదికి ఎత్తిన మనిషి. ఇప్పుడు ఎనభై వేస్తే రాడ్డు నడుం దాటుతుంది, ఛాతీ దాటుతుంది, నుదుటి దాకా వచ్చి ఆగిపోతుంది. తర్వాత ముందుకో వెనక్కో పడుతుంది. తొమ్మిది నెలలుగా ఇదే వరస.

రాష్ట్ర జట్టు ఎంపికకి ఇంకా ఏడు వారాలు ఉంది. ఆమెకి ఇరవై ఏడు నిండబోతున్నాయి. ఈసారి జట్టులో చోటు దొరక్కపోతే క్రీడాకారుల కోటాలో ఉద్యోగానికి అర్జీ పెట్టుకునే వయసు కూడా దాటిపోతుంది.

ఆమె ఊళ్ళోని ఒక చిన్న ఆసుపత్రిలో నర్సు. పొద్దున్న ఏడు నుంచి మూడు దాకా డ్యూటీ. నాలుగింటికే లేచి డాబా మీద బస్కీలు తీసి, స్నానం చేసి వెళ్ళేది. డ్యూటీ దిగి నేరుగా గోదాంకి వచ్చేది. చీకటి పడేదాకా బరువులెత్తి ఇంటికి వెళ్ళి వండుకుని తిని మంచమెక్కేది. కళ్ళు మూసుకుంటే గుండె చప్పుడు చెవుల్లో వినిపించేది. ఒంటిగంట దాకా దొర్లి, ఎప్పుడో కునుకు పట్టేది. మళ్ళీ నాలుగింటికి లేవడం.

ఆ గోదాంలో ఒకప్పుడు గోనెసంచులు నిలవచేసేవారు. జగ్గారావు మాష్టారు ఆ రోజుల్లో జూట్‌మిల్లులో కూలీ. పగలు జనపనార బేళ్ళు మోసి, సాయంత్రం రాడ్డు ఎత్తేవారు. మిల్లు వాళ్ళు గోదాం వదిలేశాక ఆయన అందులో నాలుగు రాడ్లు పెట్టి పిల్లలకి నేర్పడం మొదలుపెట్టారు. ముప్ఫై నాలుగేళ్ళయింది. ఆయనకిప్పుడు అరవై ఎనిమిది. తప్పు చేస్తే తల అడ్డంగా ఊపుతారు, బాగా చేస్తే అటు తిరిగి ఇంకొకరిని చూస్తారు. అంతకు మించి మాట్లాడడం తక్కువ.

మాష్టారు చెప్పనిది పైడితల్లి చదివి తెలుసుకుంది. నర్సు కాబట్టి చదివింది అర్థమయ్యేది. కండకి మొదటి పది సెకన్ల బలం ఎక్కడినుంచి వస్తుందో, ఆ నిలవ అయిపోయాక చక్కెర ఎలా కరుగుతుందో, కండ పట్టేసినట్టు ఎందుకవుతుందో ఆమెకి తెలుసు. అందుకు తగ్గట్టు డబ్బాలు తెప్పించుకుంది. పొద్దున్న ప్రోటీన్ పొడి ఒక చెంచా, మధ్యాహ్నం ఐదు గ్రాముల క్రియాటిన్, ఇంకొకటేదో తాగితే చేతులకి చీమలు పాకినట్టుండేది. ప్రాక్టీసుకి ముందు కెఫీన్ కలిసిన ఎర్ర పొడి. ప్రతి డబ్బా మీదా నిషేధించిన మందులేవీ లేవన్న ముద్ర చూసే కొనేది. ఏది ఎన్ని గ్రాములు, ఎన్ని గంటలకి తీసుకుందో ఒక పుస్తకంలో రాసుకునేది. ఒక్క పూట తప్పలేదు.

ఇరవై ఏళ్ళ కిందట మాష్టారి శిష్యుడొకడు ఎవరో ఇచ్చిన పొడి ఏమిటో తెలియకుండా తాగి, పరీక్షలో దొరికిపోయి, ఆటకే దూరమయ్యాడు. అప్పట్లో వాడిని ఒక్క మాటైనా అడగలేదని మాష్టారికి మనసులో ఉండిపోయింది. అయినా ఆ తర్వాత కూడా డబ్బాల సంగతి ఎవరైనా ఎత్తితే ఆయన వినేవారు, ఔననీ కాదనీ అనేవారు కాదు.

ఆ శనివారం సాయంత్రం పైడితల్లి ఎనభై కిలోల రాడ్డుని మూడుసార్లు ఎత్తబోయి మూడుసార్లూ వదిలేసింది. మూడోసారి రాడ్డు పడ్డ చప్పుడుకి మిగతావాళ్ళు తిరిగి చూశారు. ఆమె సుద్దపొడి చేతులతోనే ప్లాట్‌ఫాం అంచున కూర్చుండిపోయింది. కాసేపటికి సంచిలోంచి పుస్తకం తీసి మాష్టారి చేతిలో పెట్టింది.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చదివారు. ఆమె పక్కన నిలబడి ఒక్కో పొడీ ఎందుకో, ఏది కండలో ఏం చేస్తుందో వివరంగా చెప్పింది. ఎక్కడా పొరపాటు లేదని, లెక్క ప్రకారం తన బలం పెరగాలే గాని తగ్గకూడదని చెప్పింది. చెబుతూ చెబుతూ ఒకచోట ఏం చెబుతోందో మరిచిపోయి ఆగింది. మాష్టారు తలెత్తి ఆమె మొహం చూశారు. కళ్ళ కింద చర్మం నల్లబడి పలచగా ఉంది.

"ఇంకేం వేసుకోవాలి మాష్టారూ?" అని అడిగింది.

ఆయన పుస్తకం మూసి ఇచ్చేశారు.

"రేపు నీకు సెలవే గదమ్మా. పదింటికి రా."

"ఏం తేవాలి?"

"ఏటీ తేవొద్దు."

ఆదివారం ఆమె వెళ్ళేసరికి గోదాంలో ఎవరూ లేరు. మిగతావాళ్ళని ఆ రోజుకి రావద్దన్నారట. రాడ్లన్నీ గోడవారకి చేరవేసి ఉన్నాయి. ప్లాట్‌ఫాం ఊడ్చి, దాని మీద గోనెపట్టాలు నాలుగు వరసలు పరిచి, పైన ఒక దుప్పటి వేసి ఉంది. ఇంటినుంచి తెచ్చిన దిండు ఒకటి. పక్కన మంచినీళ్ళ చెంబు.

"పడుకో," అన్నారు మాష్టారు.

ఆమెకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళు మండింది. ఏడు వారాలే ఉందని, ఆదివారం ఒక్కటే తనకి పూర్తిగా దొరికే రోజని, ఇవాళ కాళ్ళకి చేయవలసిన కసరత్తంతా మిగిలిపోతుందని గొంతు పెంచకుండానే చెప్పింది. తాను అలిసిపోలేదని కూడా చెప్పింది. ఆయన మధ్యలో అడ్డుపడలేదు. ఆమె చెప్పడం అయ్యేదాకా నిలబడి విన్నారు.

"సరేనమ్మా. ముందు పడుకో."

పదకొండేళ్ళుగా ఆయన చెప్పిన మాట కాదన్నది లేదు. చెప్పులు విడిచి వెళ్ళి పడుకుంది.

నిద్ర రాదని ఆమెకి తెలుసు. పైకప్పు రేకుల్లోంచి పడుతున్న ఎండ చుక్కలు లెక్కపెట్టింది. ఇప్పుడు ఏ పొడి వేళ దాటిపోతోందో, సోమవారం ఎన్ని కిలోలతో మొదలుపెడితే ఇవాళ్టిది పూడుతుందో లెక్కలు వేసింది. తొడలో ఒక కండ తనంతట తాను అదురుతోంది. చేత్తో నొక్కిపట్టినా ఆగలేదు. ఏడవాలని లేదు. అయినా నీళ్ళు కంటి చివర్నుంచి జారి చెవిలోకి పోతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తాలనుకుంది. ఎత్తలేదు.

మెలకువ వచ్చేసరికి ఎండ చుక్కలు ఎదుటి గోడ మీదికి ఎక్కి ఉన్నాయి. నోరెండిపోయింది. ఇది ఏ రోజో, తాను ఎక్కడుందో కాసేపు తోచలేదు. బయట పడమటి గాలి హోరుమంటోంది. మెల్లగా తల తిప్పి చూసింది.

గుమ్మం దగ్గర ముక్కాలిపీట మీద మాష్టారు కూర్చుని ఉన్నారు. కుడిచెయ్యి బారుగా చాచి రేకు తలుపు అంచు పట్టుకుని ఉన్నారు. తలుపు గొళ్ళెం ఊడి కింద పడి ఉంది. గాలి వచ్చినప్పుడల్లా తలుపు కొట్టుకోబోతోంది, ఆయన చెయ్యి దాన్ని ఆపుతోంది. భుజం నుంచి మణికట్టు దాకా ఆ చెయ్యి వణుకుతోంది. చొక్కా వీపంతా చెమటతో అంటుకుపోయింది.

ఆమె లేచి దగ్గరికి వెళ్ళింది.

"ఎంతసేపట్నుంచి మాష్టారూ?"

"నువ్వు పడుకున్న కాసేపటికే ఊడింది."

గోడ గడియారం నాలుగు చూపిస్తోంది.

ఆమె గోడవారనున్న ఇరవై కిలోల ప్లేటు ఒకటి దొర్లించుకు వచ్చి తలుపుకి అడ్డం పెట్టింది. తలుపు కదలకుండా నిలిచింది. అంత పలచని రేకు, నాలుగు కిలోలు కూడా ఉండదు.

"ఇన్ని ప్లేట్లున్నాయి. ఒకటి అడ్డం పెడితే పోయేది గదా."

"నాకూ తోచిందమ్మా." ఆయన ఇంకా చెయ్యి దించలేదు. "ఒకపాలి పట్టుకున్నాక, వదిలితే చప్పుడవుద్దేమోనని బయమేసింది."

తలుపు దానంతట అది నిలబడే ఉంది. ఆయన వేళ్ళు దాని అంచునే బిగుసుకుని ఉన్నాయి. విప్పుదామని చూశారు, రాలేదు.

పైడితల్లి ఆయన ముందు నేల మీద కూర్చుంది. రోగుల చేతులు విప్పినట్టే ఒక్కో వేలూ మెల్లగా విప్పింది. చెయ్యి దించి తన ఒళ్ళో పెట్టుకుంది. ముంజేతి కండలు తాళ్ళలా గట్టిపడి ఉన్నాయి. బొటనవేళ్ళతో వాటిని రుద్దుతూ ఉంది. కొంతసేపటికి ఒకటి సడలింది, ఇంకొంతసేపటికి ఇంకొకటి. మాష్టారు గోడకి తల ఆనించి కళ్ళు మూసుకున్నారు. అలా ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. చాలా ముసలివాడిలా కనిపించారు.

తర్వాత ఆయన భార్య పంపిన క్యారేజీ విప్పుకుని ఇద్దరూ తిన్నారు. ఆనపకాయ పప్పు, ఎండుచేపల ఇగురు. మాష్టారు ఎడంచేత్తో తినాల్సి వచ్చింది. పైడితల్లి అన్నం రెండుసార్లు వేసుకుంది. ఆకలేసి తినడం ఎన్నాళ్ళయిందో ఆమెకి గుర్తు రాలేదు.

వెళ్ళేటప్పుడు, రేపు ఎన్ని కిలోలతో మొదలుపెట్టాలని అడగలేదు. ఆయనా చెప్పలేదు.

సోమవారం సాయంత్రం అందరూ వచ్చారు, పైడితల్లి రాలేదు. ఎంపికకి ఇంత దగ్గరలో ఆమె నాగా పెట్టడం ఎవరికీ నమ్మబుద్ధి కాలేదు. డ్యూటీ దిగి నేరుగా ఇంటికి పోయి పడుకుందట, ప్రాక్టీసు ఎందుకు మానేసిందని ఒకరిద్దరు మాష్టారిని అడిగారు.

ఆయన గుమ్మం దగ్గర గొళ్ళేనికి మేకు కొడుతున్నారు. వెనక్కి తిరగలేదు.

"మానలేదు," అన్నారు. "ప్రాక్టీసులోనే ఉంది."