తాయారు బొమ్మ ఉన్న రాణి ముక్క

అనగనగా ఒక లంక ఊళ్ళో, ముసురు పట్టిందంటే మూడు రోజులు వదలని ఊళ్ళో, వరహాలమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడకి పేర్రాజని ఒక తమ్ముడు. తాయారని ఏడేళ్ళ మనవరాలు. ఆ ఇంట్లో ఉండేది ఆ ముగ్గురే. దుప్పటి కప్పుకో కన్నా, చెబుతా.

అక్కాతమ్ముళ్ళు మధ్యాహ్నం అన్నాలవగానే చాప పరిచి రమ్మీ వేసేవాళ్ళు. ఇద్దరాట. మనిషికి పదమూడు ముక్కలు. మిగతా పేక బోర్లించి మధ్యలో పెడతారు, దాని పక్కన ఒక ముక్క తిరగేస్తారు. నీ వంతు వచ్చినప్పుడు బోర్లించిన పేకలోంచి తీసుకో, లేదూ తిరగేసిన ముక్క తీసుకో, నీ ఇష్టం. కానీ ఒకటి తీసుకున్నాక ఒకటి పడేయాలి. అన్నీ నా దగ్గరే ఉంచుకుంటానంటే కుదరదు.

తాయారు మామ్మ తొడకి ఆనుకుని కూర్చుని ఆట నేర్చుకునేది.

"మూడు రాణులొస్తే గెలిచినట్టేనా మామ్మా?"

"అది జట్టు. ఒక్క జట్లతోనే సరిపోదు. ఒకే గుర్తువి వరసగా మూడు ఉండాలి. జాకీ, రాణి, రాజు, అలాగన్నమాట. జోకరుందనుకో, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ దూరుతుంది. ఆ ఒక్క వరసలోకి మాత్రం దాన్ని రానివ్వరు. అది అసలు వరస. అది లేకుండా షో అన్నావా, మీ తాతయ్య వారం రోజులు నవ్వుతాడు."

"పోయినేడు నువ్వన్నావుగా అక్కా," అన్నాడు పేర్రాజు. "నేనింకా నవ్వుతూనే ఉన్నాను."

ఒకరోజు ఆఠీను రాణి కనబడలేదు. ఎలక లాక్కుపోయింది కాబోలు. కొత్త పేక కొందామంటే ఏరు పొంగి పడవ కట్టేశారు. పేర్రాజు ఊరుకునే రకమా? గోడకి తాయారు ఫొటో ఒకటుంది. తీర్థంలో రాణి వేషం వేసి తీయించింది. నెత్తిన అట్టకిరీటం, కింద స్టూడియో వాడి ఎర్ర కుర్చీ. దాన్ని కొలతకి కత్తిరించాడు. పేకతో పాటు వచ్చిన ఉత్త ముక్క ఒకటుంటే, దాని మీద అన్నం మెతుకులతో అంటించాడు.

"వద్దురా," అంది వరహాలమ్మ. "మనిషి బొమ్మ పేకలో కలపకూడదు."

"రాణి వేషమేగా. ఏమే తాయారూ, నిన్ను పేకలో కలిపెయ్యనా?"

"కలుపు తాతయ్యా," అని నవ్వింది పిల్ల.

కలిపాడు. అక్క కోసింది, తమ్ముడు పంచాడు. పంచడం అయ్యాక చూస్తే తొడ పక్కన తాయారు లేదు. దొడ్లోకి వెళ్ళిందేమో అనుకున్నారు. అప్పుడు వరహాలమ్మ బోర్లించిన పేకలోంచి ఒక ముక్క తీసింది. తాయారు బొమ్మ. పక్కకి తిరిగితే తాయారు. ఎప్పట్లాగే ఆనుకుని కూర్చుంది. కానీ ఒళ్ళు చల్లగా ఉంది. పిల్ల బరువే తెలియడం లేదు.

"ఎక్కడికెళ్ళావే?"

"ఎక్కడికీ వెళ్ళలేదు మామ్మా. చీకటిగా ఉంది. నా మీద చాలామంది పడుకున్నారు."

ఆ ఆట పేర్రాజు గెలిచాడు. ముక్కలన్నీ పోగేసి మళ్ళీ కలిపాడు. కలుపుతూ ఉండగానే పిల్ల మళ్ళీ లేదు.

రెండో ఆటలో ఆ బొమ్మ పేర్రాజుకి వచ్చింది. ఈసారి తాయారు ఆయన వీపు వెనకాల నిలబడి ముక్కలు చూస్తోంది. ఆయనకి ఆ రాణితో పనిలేదు. పడేశాడు. అప్పుడు తాయారు మెల్లిగా నడుచుకుంటూ వెళ్ళి, గుమ్మం బయట వానలో నిలబడింది.

"తడుస్తున్నావే, లోపలికి రా," అంది వరహాలమ్మ.

"నన్ను పడేశారుగా," అంది తాయారు. ఆ గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు. నీళ్ళు ఉన్నాయా అని అడిగినట్టు అంది.

వరహాలమ్మ గభాల్న లేవబోయింది. ఆ తొందరలో చేతిలోంచి ఒక ముక్క జారి తాయారు బొమ్మ మీద పడింది. తలెత్తి చూస్తే గుమ్మంలో ఎవరూ లేరు. తడి పాదాల గుర్తులు రెండున్నాయి, లోపలికి తిరిగి.

ఆ తర్వాత పేకంతా చాప మీద పరిచారు. ఒకసారి లెక్కపెట్టారు, రెండుసార్లు లెక్కపెట్టారు, మూడోసారీ లెక్కపెట్టారు. యాభైఒకటి. తాయారు బొమ్మ లేదు.

పేర్రాజు తల పట్టుకున్నాడు. "నేనేం చేశానక్కా?"

"ఏడుపు తర్వాత. పేక కలుపు. ఆడుతుంటేనే కదా అది పైకొచ్చింది. ఇప్పుడూ ఆడే తెచ్చుకోవాలి. చేతిలో పట్టుకుంటే పిల్ల సగమే వస్తోంది. అసలు వరసలో కూర్చోబెట్టి షో కొట్టాలి. అటు జాకీ, ఇటు రాజు, మధ్యలో అది. ఇంట్లో మనిద్దరి మధ్యా కూర్చోదూ, అలాగ. రాణుల జట్టులో మాత్రం పెట్టావా, ఆ రాణులతోనే ఉండిపోతుంది."

మూడో ఆట మొదలైంది. వాన చప్పుడు తప్ప ఇంకేం లేదు. పేర్రాజు ఆఠీను జాకీ పడేస్తే వరహాలమ్మ తీసుకుంది. రాజు పడేస్తే అదీ తీసుకుంది. మిగతావన్నీ కట్టేసుకుని, మధ్యలో వేలెడు ఖాళీ పెట్టుకుని కూర్చుంది.

అప్పుడు పేర్రాజు ఒక ముక్క తీశాడు. వీపు వెనకాల చల్లగా ఊపిరి తగిలింది.

ఆయన చేతిలో అప్పటికే ఇస్పేటు రాణి, కళావరు రాణి ఉన్నాయి. అసలు వరస కూడా పడి ఉంది. ఇది పెడితే మూడు రాణులు, షో. పుట్టి బుద్ధెరిగాక చేతికొచ్చిన షో వదిలిన మనిషి కాదు. ఆ చెయ్యి దానంతటదే ముక్కలు సర్దుతోంది.

"తాతయ్యా," అంది వెనక నుంచి తాయారు, "మూడు రాణులొచ్చాయిగా."

"వచ్చాయమ్మా."

"మళ్ళీ పడేస్తావా?"

పేర్రాజు కళ్ళు మూసుకుని పడేశాడు. పిల్ల నడుచుకుంటూ వెళ్ళి వానలో నిలబడింది. వరహాలమ్మ గుమ్మం వైపు చూడలేదు. చటుక్కున ఆ ముక్క తీసి ఖాళీలో పెట్టింది. పద్నాలుగు ముక్కలయ్యాయి కదా, పనికిరాని కళావరు ఎనిమిది బోర్లించి మధ్యలో పెట్టింది.

"షో," అంది.

"మామ్మా, ఆకలేస్తోంది," అంటూ గుమ్మంలోంచి పరిగెత్తుకొచ్చింది తాయారు. ఒళ్ళు వెచ్చగా ఉంది. వచ్చి పడితే మామ్మ తొడ నొప్పెట్టింది.

తల తుడుస్తూ అడిగింది వరహాలమ్మ, "భయమేసిందా?"

"కొంచెం. అక్కడ ఒకావిడ ఉంది మామ్మా, నిజం కిరీటం. తన చోట్లో నన్నెందుకు కూర్చోబెట్టారని అడిగింది."

అక్కాతమ్ముళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. చాప మీద పరిచిన వరసలో జాకీ ఉంది, రాజు ఉంది. మధ్య ముక్కలో ఉత్త ఎర్ర కుర్చీ ఉంది, దాంట్లో ఎవరూ లేరు. అక్క బోర్లించిన కళావరు ఎనిమిదిని పేర్రాజు తిరగేశాడు. ఆఠీను రాణి. ఒక మూల ఎలక కొరికి ఉంది.

ఆ తర్వాత వాళ్ళు రమ్మీ మానలేదులే, మానతారా. ముక్క పోతే మాత్రం ఉత్త కాగితం మీద పేరు రాసి పెట్టుకునేవాళ్ళు. నీ ఫొటోనా? మీ అమ్మ పెట్టెలోనే ఉంది. ఇందాకే చూసి వచ్చాను. కుర్చీలో నువ్వున్నావు. పడుకో.

కథేమో కంచికి,
పేకేమో సంచికి,
రాణెళ్ళె పేకలోకి,
నువ్వు రా నా పక్కలోకి.