అబ్బులుగారి ఇత్తడి బెల్లు

కిరీటికి ఒకటే బాధ. కళ్ళు మూసుకుని కూర్చుంటే చాలు, మనసు నాలుగు ఊళ్ళు ముందుకు పోయేది. వెనక్కి పిలిస్తే వచ్చేది కాదు.

అతను రాజమండ్రిలో ఒక కాలేజీలో లెక్కలు చెప్పేవాడు. సెలవు దొరికితే గేర్ల సైకిలెక్కి పొద్దున బయల్దేరి సాయంత్రానికి నూట యాభై కిలోమీటర్లు తొక్కేసేవాడు. ఎక్కడికి వెళ్ళొచ్చావని అడిగితే ఊరి పేరు చెప్పేవాడు, దారిలో ఏం చూశావని అడిగితే మాట మార్చేసేవాడు.

మనసు నిలిపే ఉపదేశం అబ్బులుగారి దగ్గర దొరుకుతుందని ఎవరో చెప్పారు. అబ్బులుగారు ముప్పై ఏళ్ళు కాలవ లస్కరుగా చేశారు. గట్టు వెంబడి తిరుగుతూ కాలవని కనిపెట్టుకుని ఉండడమే ఆ ఉద్యోగం. అది అయిపోయాక తత్వాలు పాడుకుంటూ కూర్చుంటే నలుగురూ గురువుగారనడం మొదలెట్టారు. కిరీటి మూడేళ్ళుగా వెళ్ళి ఉపదేశం అడుగుతున్నాడు. ఆయన మూడేళ్ళుగా టీ తాగి వెళ్ళమంటున్నారు.

నాలుగో ఏడు జూన్‌లో మాత్రం, సైకిలు తీసుకుని, కాలవకి తలుపులుండే లాకుల దగ్గరికి రమ్మన్నారు.

ఎండాకాలమంతా కట్టేసిన కాలవకి నీళ్ళు వదిలే రోజది. ఏటా ఆ రోజున అబ్బులుగారు సైకిలెక్కి, ఆ మొదటి నీళ్ళ పక్కనే గట్టు మీద వెళ్తారు. శివారు ఊరు ఉప్పలసావరం దాకా యాభై కిలోమీటర్లు. కాలవ అక్కడితో అయిపోతుంది, ఆ తర్వాత సముద్రమే. నీళ్ళు మనిషి నడకతో పోతాయి కాబట్టి ఆయనా అంతే. రాత్రికి లాకుల దగ్గర నీళ్ళు ఆపి, నిండాక తెల్లారి వదులుతారు. ఆయన కూడా అక్కడే పడుకుని తెల్లారి లేస్తారు. యాభై కిలోమీటర్లకి మూడు రోజులు. కిరీటికి అది రెండు గంటల పని.

"ఉపదేశం సంగతి శివారు తూము దగ్గర చూద్దాం," అన్నారు అబ్బులుగారు. "నీళ్ళకి ముందు పోకు, వెనకబడకు. అంతే."

అంటూనే కిరీటి సైకిలు చుట్టూ ఒకసారి తిరిగారు. బెల్లు లేదు. అంత ఖరీదైన సైకిలుకి బెల్లు లేకపోవడం ఆయనకి నవ్వొచ్చింది. గట్టు మీద గేదెలుంటాయి, వాటికి నీ గేర్లు అర్థం కావు అని, తన సైకిలుకున్న ఇత్తడి బెల్లు విప్పి కిరీటి సైకిలుకి బిగించారు. తాటికాయంత బెల్లు. కొడితే పంట చేలు దాటి వినపడుతుంది.

లాకుల దగ్గర ఆడవాళ్ళు పసుపు కుంకుమ చల్లారు. తలుపులు లేచాయి. ఎండి నెర్రెలిచ్చిన కాలవలోకి ఎర్రటి నీళ్ళు నురగ కక్కుకుంటూ దిగాయి.

దారి ఎంత బాగుందో చెప్పాలి. ఎత్తు లేదు, పల్లం లేదు. లారీ లేదు, కారు లేదు, హారన్ లేదు. ఒక పక్క కాలవ, ఇంకో పక్క చేలు, పైన కొబ్బరాకుల నీడ. కాలవలోంచి పిల్లకాలవ, అందులోంచి బోదె, ప్రతిదాని మీదా ఒక తాటిదుంగ వంతెన. ఎదురొస్తే ఒక పాల సైకిలు రావాలి, లేకపోతే ఒక బాతుల మంద. సైకిలు తొక్కడానికే దేవుడు ఆ నేలని చదును చేసి పెట్టాడనిపిస్తుంది.

అబ్బులుగారికి ఆ దారిలో పనే పని. నాలుగు తొక్కులు తొక్కి దిగుతారు. తూము నోట్లో ఇరుక్కున్న కొమ్మ లాగేస్తారు. నీళ్ళొచ్చేదాకా గట్టు మీద కూర్చుని ఎవరితోనో కబుర్లు చెబుతారు. నీళ్ళు దాటగానే మళ్ళీ సైకిలెక్కుతారు. కిరీటి ఆయన వెనకే తొక్కుతూ, ఆగుతూ, వాచీ చూసుకుంటూ, పళ్ళు కొరుక్కుంటూ సాయంత్రం దాకా ఎలాగో లాక్కొచ్చాడు.

రెండో రోజు పొద్దున అతని వల్ల కాలేదు. ముందు వెళ్ళి శివారులో భోజనాల ఏర్పాట్లు చూస్తానన్నాడు. అక్కడ అబ్బులుగారి భోజనానికి లోటేమీ ఉండదని అతనికీ తెలుసు. ముందుగా చేరితే ఉపదేశం కూడా ముందుగా వచ్చేస్తుందని లోపల ఎక్కడో ఆశ. ఆయన ఒక్క క్షణం అతని మొహంలోకి చూసి, తల ఊపి, తూములోంచి కొబ్బరిమట్ట లాగే పనిలో పడిపోయారు.

గంటన్నరలో కిరీటి ఉప్పలసావరంలో ఉన్నాడు. ఉత్సాహం పట్టలేక శివారు తూము దగ్గర బెల్లు గట్టిగా నాలుగు సార్లు కొట్టాడు.

తూము పక్కనే పాక. అందులోంచి పేరమ్మ అనే ఆవిడ పరుగున వచ్చింది. అరవై ఏళ్ళుంటాయి, ఎకరం చేను ఒక్కతే చేసుకుంటుంది.

"నీళ్ళెందాకా వచ్చేయి బాబూ?" అంది.

కిరీటి మనసులోనే లెక్క కట్టాడు. ఇన్ని కిలోమీటర్లు, గంటకి ఇంత, రాత్రి లాకుల దగ్గర ఇన్ని గంటలు. రేపు పొద్దున పదింటికల్లా మీ తూములో ఉంటాయండి అని చెప్పాడు. లెక్కలు చెప్పే మనిషి కదా, చెప్పడంలో ఎక్కడా తొట్రుపాటు లేదు. ఆవిడ సంతోషంగా లోపలికి వెళ్ళిపోయింది.

ఊళ్ళోకి వెళ్ళి భోంచేసి, ఒక కునుకు తీసి, సాయంత్రం మళ్ళీ అటొచ్చేసరికి పాక ముందు గోలెంలో విత్తనాలు నానుతున్నాయి. ఇంటినిండా ఉన్న విత్తనం అదే, ఒక బస్తా. ఇప్పుడే నానబోశారేమండీ అని అడిగాడు.

"బెల్లు వినపడింది కదా," అంది పేరమ్మ. "అబ్బులుగారి బెల్లు వినపడ్డాకే ఇక్కడ విత్తనం తడిపేది. మిగతావోళ్ళు నీళ్ళు కంటపడనీ అంటన్నారు. నాకు బెల్లు చాలు."

ఆయన బెల్లు మోగిందంటే నీళ్ళు తూము దగ్గర ఉన్నట్టే. అప్పుడు విత్తనం నానబోస్తారు. ఒక రోజు నానాక తీసి, మొలకెత్తేలా మూటగా మండె కట్టి, మొలక తొంగిచూసేలోపు నారు పోసే ఆకుమడి దున్నుకుంటారు. మొలకొచ్చిన విత్తనం మడిలో పడాల్సిందే. నీళ్ళు లేకపోతే ఆ బస్తా కోళ్ళకి వేసుకోవడమే. ఇదంతా పేరమ్మ చెబుతుంటే కిరీటి తల ఊపుతూ విన్నాడు. తన లెక్క తప్పదని ఇంకా ధైర్యంగానే ఉన్నాడు.

మూడో రోజు పదయింది. కాలవలో తడి లేదు. పదకొండయింది. పేరమ్మ విత్తనాలు గోలెంలోంచి తీసి గోనెసంచిలో మండె కట్టి, పైన గడ్డి కప్పింది. వస్తాయిలే బాబూ, అబ్బులుగారున్నారు కదా అని తనే సముదాయించింది. ఆ మాట వినగానే కిరీటి సైకిలు దగ్గరికి నడిచాడు. జేబురుమాలు తీసి బెల్లు చుట్టూ చుట్టి, గట్టిగా ముడేసి, పొరపాటున కూడా మోగకుండా చేసి, వెనక్కి తొక్కాడు.

పది కిలోమీటర్ల అవతల, ఒక వంతెన దగ్గర కనపడింది సంగతి. వంతెన కిందంతా గుర్రపుడెక్క. ఏడాదిగా పెరిగి పెరిగి, ఎండినా వదలక, ఇప్పుడు నీళ్ళకి పొంగి గోడ కట్టినట్టు అడ్డంపడింది. వెనక నీళ్ళు ఆగిపోయి ఉన్నాయి. మొలలోతులో అబ్బులుగారు, ఆయన వెంట పాతికమంది, తత్వం పాడుతూ ఆ డెక్క లాగి గట్టు మీదకి విసురుతున్నారు. అంత కష్టంలోనూ అక్కడ పెళ్ళివారి విడిదిలా సందడిగా ఉంది.

కిరీటి సైకిలు దిగి జరిగింది చెప్పబోయాడు. ఆయన రుమాలు కట్టిన బెల్లు వైపు చూశారు. అంతా తెలిసిపోయినట్టుంది.

"దిగు," అని కొడవలి అందించారు.

రెండు గంటలు పట్టింది. చివరి కట్ట ఊడి రాగానే నీళ్ళు ఒక్క ఊపున వంతెన కిందనుంచి దూకాయి. పాతికమందీ కేకలు పెట్టారు. బురదలో నిలువునా మునిగిన కిరీటి అందరికంటే ముందు గట్టెక్కి సైకిలు అందుకున్నాడు. ముందు వెళ్ళి పేరమ్మగారికి చెప్పొస్తానన్నాడు.

"ఏం చెబుతావు?" అన్నారు అబ్బులుగారు.

అబ్బులుగారు వంగి, కిరీటి సైకిలు ముందు చక్రానికి గాలి తీసేశారు. తర్వాత వెనక చక్రానికి. సైకిలుకి తగిలించి ఉన్న పంపు తీసి తన సంచిలో వేసుకుని, తన సైకిలు స్టాండు తీసి నడిపించుకుంటూ బయల్దేరారు. లక్ష రూపాయల సైకిలు చప్పబడిన చక్రాలతో ఆయన వెనకే బయల్దేరింది.

మొదటి కిలోమీటరు కిరీటి పేరమ్మ విత్తనాల గురించే ఆలోచించాడు. రెండో కిలోమీటరులో ఒక తూము దగ్గర కొబ్బరిమట్ట అడ్డంపడితే దిగి లాగాడు. మళ్ళీ ఇంకో తూము, ఒక తాటాకు బుట్ట, దాన్నీ లాగాడు. ఇప్పుడు ప్రతి చెత్తా అతనికి శత్రువే. నీళ్ళు ఒక గుంట దగ్గర ఆగి, నిండి, ఆలోచించుకున్నట్టు మళ్ళీ కదులుతున్నాయి. వాటితో పాటే ఆగాడు, వాటితో పాటే కదిలాడు.

అప్పుడు కనపడ్డం మొదలెట్టాయి. నెర్రెల్లోంచి బుడగలు లేస్తున్నాయి. నీళ్ళు తాకీ తాకకముందే పీతలు కలుగుల్లోంచి బయటపడి గట్టెక్కుతున్నాయి. వాటి కోసం కొంగలు నీటి అంచున బారులు తీరి, నీళ్ళు అడుగు వేస్తే తామూ ఒక అడుగు వేస్తున్నాయి. తడిసిన మట్టి వాసన నీళ్ళకంటే రెండు గజాలు ముందు నడుస్తోంది. ఇన్నేళ్ళూ ఇవన్నీ తన పక్కనే ఉన్నాయా అని కిరీటికి ఆశ్చర్యమేసింది. కాసేపటికి ఆశ్చర్యం కూడా పోయి ఒట్టి సంతోషం మిగిలింది. తనకి తెలియకుండానే గురువుగారి తత్వానికి వంత పాడుతున్నాడు. గొంతు అంత బాగోలేదు గానీ కొంగలేమీ అనుకోలేదు.

ఎండ ఎర్రబడే వేళకి ఉప్పలసావరం వచ్చింది. నీళ్ళు చివరి మలుపు తిరిగాయి. కిరీటి కాలవలోకి దిగి, తూము నోటిదగ్గర పేరుకున్న ఆకులు రెండు చేతులా తోడి పోశాడు.

పేరమ్మ పాక ముందు మండె మీద చెంబుతో నీళ్ళు చిలకరిస్తోంది. వాళ్ళ అలికిడి విని లేచింది. అటుపక్క గట్టు ఎత్తుగా ఉండి ఆవిడకి కాలవ కనపడడం లేదు.

"నీళ్ళెందాకా వచ్చేయి బాబూ?" అని కేకేసింది. నిన్నటి గొంతే. అందులో ఒక్క పిసరు అనుమానం కలవలేదు.

కిరీటి కిందికి చూసుకున్నాడు. ఎర్రటి నీళ్ళు అతని పాదాలు తడిపి, చీలమండలు ఎక్కి, మెల్లగా పక్కనున్న తూములోకి తిరుగుతున్నాయి.

"నా కాళ్ళ దాకా వచ్చాయమ్మా," అన్నాడు.

పేరమ్మ వచ్చి గట్టెక్కి చూసింది. ఒక్క పరుగున వెనక్కి వెళ్ళి మండె మీది గడ్డి తీసింది. విత్తనాలు అప్పుడే పగిలి, సూదిమొనంత తెలుపు కనపడుతోంది. రేపు మడి దున్ని సాయంత్రానికి చల్లుకోవచ్చు. ఆవిడ నవ్వుతూ కళ్ళొత్తుకుంది. కిరీటికీ కళ్ళు తడిశాయి.

గట్టు మీద సైకిలు దగ్గర అబ్బులుగారు వంగి, రుమాలు ముడి పంటితో లాగి విప్పుతున్నారు. కిరీటి నీళ్ళలోంచి వచ్చి ఆయన పక్కన నిలబడ్డాడు. ఉపదేశం మాట అతనికి గుర్తే లేదు. శివారంతా, ప్రతి ఇంటి ముందూ ఖాళీ గోలెం పెట్టుకుని జనం ఇటే చూస్తున్నారు.

అబ్బులుగారు రుమాలు దులిపి అతని చేతిలో పెట్టారు.

"ఇప్పుడు కొట్టు," అన్నారు.