మూత విప్పని గుల్లలు

ఏరు సముద్రంలో కలిసేచోట, సరుగుడు తోపు పక్కన, ఒక నీటికుక్క తన ఇద్దరు పిల్లలతో కాపురముండేది. తుపాను వెలిసి మూడు రోజులైంది. బురదనీళ్ళలో చేప కనబడలేదు. పిల్లలు ఆకలికి ఏడవడం కూడా మానేశాయి.

నాలుగో రోజు తల్లికి కొన్ని గుల్లలు, లోపల మాంసముండే ఆల్చిప్పలు, దొరికాయి. తుపానుకు భయపడి వెళ్ళిపోయిన మనుషులు తోపులో ఇనుప జాలీ, రేకుడబ్బాలో పిండి, చీజ్ ముక్క వదిలేశారు. వెళ్ళకముందు వాళ్ళు నిప్పులమీద పిజ్జా చేయడం తల్లి చాటునుంచి చూసింది. అలాగే బొగ్గులు రాజేసి, పిండిని రొట్టెగా చేసి జాలీమీద ఒకవైపు కాల్చి తిరగేసింది. పక్కనే గుల్లలు పేర్చింది. వేడికి చిన్నవన్నీ తెరుచుకున్నాయి. పెద్దవి ఐదు తెరుచుకోలేదు.

వాసన పట్టి నక్క వచ్చింది.

"చెల్లెమ్మా, ఈ గట్టు ఎవరిదనుకున్నావు? సగం నాకు పెట్టు."

"పిల్లలు మూడు రోజులుగా పస్తులున్నాయన్నా."

"అయితే పిల్లల్నే పెట్టు."

తల్లి పిల్లల్ని తన వెనక్కి నెట్టింది. "సగం తీసుకో. ఆ పెద్దవి మాత్రం ముట్టుకోకు. వేడికి మూత విప్పలేదంటే ముందే చచ్చి కుళ్ళాయని అర్థం. పారేస్తాను."

నక్క నవ్వింది. "రసం కారిపోయినవి నాకు, నిండుగా ఉన్నవి నీకూనా? తుపానుకు ముందు కొంగ పట్టిన చేప విషమని నేనూ ఇలాగే చెప్పాను. అది వదిలేసి పోయింది. నేను తిన్నాను."

"నిజమే చెబుతున్నానన్నా, తింటే బతకవు. పిల్లలమీద ఒట్టు."

"కొంగతో నేనూ మా అమ్మమీద ఒట్టేశాను."

తల్లి ఆ ఐదింటినీ ఏట్లోకి విసరబోయింది.

"దాచేస్తున్నావే!" అంటూ నక్క లాక్కుంది. "వద్దన్నా!" అని అరుస్తున్నా వినలేదు. రాతిమీద పగలగొట్టి, నమలకుండా మింగింది. "ఆ ఎండు రొట్టె, చిన్న గుల్లలు మీరే తినండి" అని పోయింది.

తల్లి రొట్టెమీద గుల్లల మాంసం, చీజ్ పరిచి, డబ్బా మూత బోర్లించి కాల్చింది. పిల్లలు కడుపునిండా తిన్నాయి. తను మాత్రం నక్క వెళ్ళిన దారే చూస్తూ కూర్చుంది.

పొద్దు వాలేసరికి నక్క ఇసుకలో పడి ఉంది. తల్లి చిప్పలో నీళ్ళు తెచ్చింది.

"చెల్లెమ్మా... నిజమే చెప్పావా?"

"మూడుసార్లు చెప్పానన్నా."

"నీ చోట నేనుంటే చెప్పేవాణ్ణి కాదు. అందుకే నమ్మలేదు."

నీళ్ళు గొంతు దిగలేదు. నక్క కళ్ళు మూసింది, మళ్ళీ తెరవలేదు.

నీతి: అందరినీ మోసగించి బతికేవాడికి, మేలుకోరి చెప్పిన నిజం కూడా మోసంలాగే వినిపిస్తుంది.