చల్లబడిన రాజుగారి ఒళ్ళు

గువ్వలకోట రాజుగారికి రోజూ వేడినీళ్ళ కొలనులో ఈదితే గాని అన్నం సహించదు. కొలను కింద పెద్ద పొయ్యి ఉండేది. అందులో కట్టెలు పెట్టేది ఓబులమ్మ. ఒకనాడు మంత్రి భుజంగరాయుడు ఎత్తుగా ఉంది కదా అని ఆ పొయ్యి పొగగొట్టం మీద తన రాతి విగ్రహం నిలబెట్టించాడు. పొగ పోయే దారి లేక పొయ్యి ఆరిపోయింది. ఓబులమ్మ ఆ సంగతి చెప్పబోతే, "నోరెత్తావంటే నాలుక కోయిస్తా" అన్నాడు.

రాజుగారు కొలనులో దిగి గజగజ వణుకుతూ పైకొచ్చారు.

"నీళ్ళు వేడిగానే ఉన్నాయి ప్రభూ. తమ ఒళ్ళే చల్లబడింది" అన్నాడు మంత్రి.

రాజుగారు నమ్మేశారు. వైద్యులు మూడు రోజులు మిరియాల కషాయం పోసి, ఏడు కంబళ్ళు కప్పారు.

నాలుగో రోజు ఓబులమ్మ వచ్చింది. "మంత్రిగారి మాట నిజం దొరా. నీళ్ళకేం, బాగున్నాయి. తమకు నయమయ్యేదాకా వాటిని వృథా చేయడమెందుకు? మంచి ఒళ్ళున్న మంత్రిగారిని కూర్చోమనండి."

మంత్రి మెడలోతు నీళ్ళలో కూర్చోక తప్పలేదు.

"ఎలా ఉన్నాయయ్యా?" అని కంబళ్ళలోంచి అడిగారు రాజుగారు.

"వె... వెచ్చగా ఉన్నాయి ప్రభూ" అన్నాడు మంత్రి, పళ్ళు టకటకలాడుతుంటే. తర్వాత గొంతు తగ్గించి ఓబులమ్మను అడిగాడు. "రాజుగారికి ఎప్పటికి నయమవుతుందే?"

"తమ విగ్రహం పొగగొట్టం దిగిన పూటే అయ్యా."

మంత్రి నీళ్ళలోంచే భటులను కేకేసి విగ్రహం దింపించాడు. ఓబులమ్మ నిప్పు పెట్టగానే పొయ్యి భగ్గున రాజుకుంది. సాయంత్రానికల్లా రాజుగారి ఒళ్ళు పూర్తిగా నయమైపోయింది.