పందికోరల దగ్గర శంఖం

పొగమంచులోంచి డప్పు వినిపించగానే నాగిలుడు శంఖాన్ని పెదవుల దాకా ఎత్తి, మళ్ళీ ఒళ్ళో పెట్టేసుకున్నాడు.

ఆ చప్పుడు అతనికి బాగా తెలుసు. రెండు దెబ్బలు, కాస్త ఆగి మళ్ళీ రెండు. తాళద్వీపం ఓడ దారి అడుగుతోంది.

బౌద్ధ విహారం ఉన్నది సముద్రం ఒడ్డు కొండమీద. కింద నీళ్ళలో పందికోరలని పిలిచే రాళ్ళు. మంచు కమ్మిన ఉదయాల్లో కొండమీద శంఖం మోగితే, ఆ మోత పట్టుకుని ఓడలు రాళ్ళను తప్పించుకునేవి. ఆ ఉదయం ఊదే వంతు కుర్ర భిక్షువు నాగిలుడిది.

డప్పు మళ్ళీ మోగింది. ఈసారి దగ్గరగా.

"ఏం నాయనా, శంఖాన్ని పిల్లికూనలా ఒళ్ళో పడుకోబెట్టావు?"

వెనక గురువు ధర్మనంది. ఎప్పుడొచ్చాడో, అడుగుల చప్పుడైనా కాలేదు.

"తాళద్వీపంవాళ్ళు, భంతే. నేను ఊదను."

నిరుడు కొండకింది రేవులోనే తాళద్వీపం నావికులు ముగ్గురు, గంపెడు ఎండుచేపల కోసం నాగిలుడి అన్నను పొడిచి చంపారు. ఆ ముగ్గురూ దొరకలేదు.

"ఈ ఓడవాళ్ళేనా చంపింది?"

"ఏ ఓడైతేనేం? పొడిచింది ముగ్గురే, ఒప్పుకుంటాను. ఆ ముగ్గుర్నీ పెంచిందెవరు? కత్తులిచ్చిందెవరు? ఇప్పుడు దాచిందెవరు? లెక్క వేసి చూడండి, ఆ దేశంలో పాపం అంటనివాడు ఒక్కడు మిగలడు."

"సరే, ఊదకు." గురువు పక్కనే చతికిలబడ్డాడు. "చెవికి పెట్టుకో."

"దేన్ని?"

"శంఖాన్నే. చావబోయేదెవరో వినాలి కదా."

నాగిలుడు శంఖాన్ని చెవికి ఆనించాడు. మొదట ఎప్పుడూ ఉండే హోరే. ఆ హోరు అడుగున ఎవరో దగ్గారు. ముసలి దగ్గు. ఒక కోడి రెక్కలు టపటపలాడించింది. ఒక ఆడగొంతు తెలియని భాషలో పాడుతోంది. పసివాడి వెక్కిళ్ళు విని పాట ఆపి, మళ్ళీ మొదటినుంచి అందుకుంది.

నాగిలుడు చప్పున శంఖం దించాడు. చుట్టూ మంచు తప్ప ఏమీ లేదు. మళ్ళీ పెట్టుకున్నాడు. పాట సాగుతూనే ఉంది.

"మీ అన్నను చంపినవాడి గొంతు ఏది?" గురువు మెల్లగా అడిగాడు.

"తెలియడం లేదు, భంతే."

"ఇంకాస్త విను. రాళ్ళ దగ్గరికి రానీ."

పాట ఠక్కున ఆగిపోయింది. దగ్గూ ఆగింది. అక్కడున్నవాళ్ళంతా ఒక్కసారిగా ఊపిరి బిగబట్టినట్టు.

నాగిలుడు శంఖాన్ని చెవినుంచి లాగి నోటికి పెట్టుకున్నాడు. పెదవి చిట్లినా ఆపకుండా ఊదాడు. మంచులో డప్పు బదులు పలికింది. పలుకుతూ, పలుకుతూ, దూరమైపోయింది.

పొద్దెక్కి మంచు విడింది. సముద్రం ఖాళీగా మెరుస్తోంది. కింద నుంచి ముసలి బెస్త ఒకడు ఎక్కి వచ్చాడు.

"ఎవరి కోసం సామీ అంతలా ఊదారు? మేం పందికోరల పక్కనే వల వేసుకునున్నాం. ఓడా రాలేదు, డప్పూ వినబడలేదు."

అతను వెళ్ళిపోయాక నాగిలుడు గురువు వైపు తిరిగాడు.

"భంతే, ఆ ముగ్గురూ ఆ ఓడలో ఉండి ఉంటే?"

గురువు శంఖం అంచున ఉన్న నెత్తుటిని తన కాషాయంతో తుడిచి, అతని చేతికిచ్చాడు.

"ఉన్నా ముగ్గురే, నాయనా."